తాళం ఇచ్చే ముందు ఒక మాట

చనిపోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. నాకు ఆ అలవాటు లేదు. ఆయన బతికున్నప్పుడు నన్ను అన్న మాటల్లో ఒక్కటీ నేను మరిచిపోలేదు. మనిషి పోయాడు కదా అని వాటిని మాఫీ చేసే ఉద్దేశం కూడా లేదు.

కానీ ఆయన చెయ్యని తప్పు ఒకటి ఆయన నెత్తిన పెట్టారు. పెట్టినవాడు పలుకుబడి ఉన్నవాడు. ఈయన అప్పటికే మట్టిలో కలిశాడు, తిరిగి ఒక మాట అనడానికి లేడు. ఆయన భార్యకు ఆయన నడిపిన బండ్ల రిపేరు షెడ్డు తప్ప వేరే ఆధారం లేదు. ఆ అబద్ధం నిలబడితే షెడ్డు మూతపడుతుంది. నాకు ఒళ్లు మండింది. ఒక మనిషి మీద కోపం పెట్టుకోవడానికి ఆయన నిజంగా చేసినవే కావలసినన్ని ఉండగా, లేనిదాన్ని కల్పించడం ఏమిటి? పదకొండేళ్లుగా న్యాయంగా కోపం మోస్తున్న నాలాంటివాడికి అది అవమానం కాదా?

ఆయన పేరు రాయను. ఆ దారిన తిరిగేవాళ్లకు పేరు అక్కర్లేదు. తిరగనివాళ్లకు పేరుతో పనిలేదు.

సారపాక దాటి మణుగూరు వైపు పోతుంటే, ఊళ్లు పలచబడి టేకుచెట్లు మొదలయ్యే చోట, రోడ్డుకు ఎడమపక్కన ఆయన కార్ల షెడ్డు. నాలుగు తాటిమొద్దులు, పైన రేకులు, కింద ఆయిలు తాగి తాగి నల్లబడిన నేల. తుక్కు కింద పోయిన ఏదో బస్సులోంచి ఊడదీసిన సీటు ఒకటి వచ్చినవాళ్లు కూర్చోవడానికి వేశాడు. బొగ్గు టిప్పర్లు, ఇసుక లారీలు పోయినప్పుడల్లా ఆ సీటు మీద కూర్చున్నవాడి చొక్కా రంగు మారేది. "తెల్లంగి ఏసుకొని ఈడికి ఎవడు రమ్మన్నడు?" అని దానికీ మననే తిట్టేవాడు.

నేను వేంసూరు వాణ్ణి. విత్తనాల కంపెనీ తరఫున తిరుగుతాను. సత్తుపల్లి, పాల్వంచ, పినపాక, ఆ పైన గోదావరి ఒడ్డు ఊళ్లు అన్నీ నా దారే. రైతులు నన్ను చూస్తే లేచి నిలబడతారు. దుకాణాలవాళ్లు కుర్చీ తుడిచి వేస్తారు. అలాంటి నన్ను ఆ మనిషి మొట్టమొదటి రోజే "నువ్వు" అన్నాడు. ఆ వైపు అందరూ అందర్నీ అలాగే అంటారని తర్వాత కొందరు సర్దిచెప్పారు. నేను సర్దుకోలేదు.

ఆ రోజు నా బండి స్టార్ట్ కావడం లేదు. ఎవరో తోస్తే షెడ్డు దాకా వచ్చింది. "బ్యాటరీ పోయినట్టుందండీ, మార్చండి" అన్నాను మర్యాదగా.

"రోగం పేరు నువ్వు చెప్పకు" అన్నాడు, చేతులు కూడా తుడుచుకోకుండా. "తాళం తిప్పితే ఏమన్నదో చెప్పు."

"టిక్కు టిక్కుమంది."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదండీ."

"బండి నీదేనా? కిరాయికి తెచ్చినవా?"

జవాబు కోసం కూడా ఆగలేదు. బానెట్ తెరుస్తాడనుకుంటే, వెనక్కి పోయి డిక్కీ తెరిచాడు. లోపలున్న స్టెప్నీని బొటనవేలితో నొక్కాడు. అది మెత్తగా లోపలికి పోయింది. నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పసిపిల్లకు అన్నం పెట్టకుండా పడుకోబెట్టినవాణ్ణి చూసినట్టు చూశాడు. తర్వాత కాలిపంపు తెచ్చి నా ముందు పెట్టాడు.

"నా బండి స్టార్ట్ కావట్లేదంటే మీరు వెనక టైరు చూస్తారేంటండీ?"

"అడివిల టైరు పోయినంక నాకు ఫోన్ చేస్తవ్. ఆడ సిగ్నల్ ఉండది. జల్దీ కొట్టు."

అది ఆయన పద్ధతి. బండికి ఏ జబ్బు అయినా కానివ్వండి, ముందు స్టెప్నీ చూస్తాడు. అందులో గాలి లేకపోతే బండిగలాయన స్వయంగా కొట్టాలి. గాలి నిండేదాకా ఆయన బానెట్ ముట్టడు. లారీ యజమానులు కొట్టారు, డాక్టర్లు కొట్టారు, ఒక ఎస్సైగారు టోపీ తీసి పక్కన పెట్టి కొట్టాడని వినికిడి. నేను కూడా కొట్టాను. నా చెమట ఆరకముందే ఆయన బానెట్ తెరిచి, బ్యాటరీ కొసల మీద సున్నంలా పట్టిన తెల్లటి చిట్టాన్ని చూపించాడు. భార్య టీ కాచే పొయ్యి మీది వేడినీళ్లు తెచ్చి పోసి, పాత బ్రష్షుతో తోమి, కొంచెం గ్రీజు రాసి బిగించాడు. తాళం తిప్పితే బండి ఒక్క దెబ్బకు అందుకుంది. బ్యాటరీకి ఏ జబ్బూ లేదు.

బండి బాగైంది, వెళ్లిరండి అని ఒక మాట అనవచ్చు కదా? అనలేదు. భార్యతో కోయభాషలో ఏదో అన్నాడు, ఆమె నన్ను చూసి నవ్వింది. ఆమె పంక్చర్లు వేసేది. ఎప్పుడు చూసినా నీళ్లతొట్టి ముందు కూర్చుని, ట్యూబులోంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తూ ఉండేది. మాతో తెలుగులో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన ఉన్నట్టుండి కోయలోకి దిగాడంటే, అది మన గురించే. అందులో నాకు సందేహం లేదు.

ఇంకోసారి బండిలోంచి ఏదో చప్పుడు వస్తోందని పోయాను. "ఎట్లొస్తుంది? చేసి చూపియ్యి" అన్నాడు. ముగ్గురు లారీ డ్రైవర్లు సీటు మీద కూర్చుని ఉన్నారు. చుట్టూ చూసి, చిన్నగా "కిర్ర్" అన్నాను.

"బండి గట్లనే గుసగుస పెడుతుందా? గట్టిగ."

"కిర్ర్ర్!"

"ఎడమకు తిప్పితేనా, కుడికి తిప్పితేనా? తిప్పుకుంట చెయ్యి."

చేతుల్లో లేని స్టీరింగును తిప్పుతూ, నలభై ఏడేళ్ల మనిషిని, ముగ్గురి ముందు కిర్రుమన్నాను. డ్రైవర్లు పడీ పడీ నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. కళ్లు మూసుకుని విన్నాడు. "కుడి చక్రం బేరింగ్" అన్నాడు. అదే. అదే కావడం నాకు ఇంకా కోపం తెప్పించింది.

క్లచ్ త్వరగా అరిగిపోతోందని పోయినప్పుడు బండి వైపే చూడలేదు. "ఎడమ చెప్పు ఇయ్యి" అన్నాడు. అడుగు తిప్పి చూశాడు. ఎడమ చెప్పు వేళ్ల దగ్గర నున్నగా అరిగిపోయి ఉంది. కుడిది బాగానే ఉంది. "ఊకె క్లచ్ మీద కాలు పెట్టి తోలుతున్నవ్. అది కాలుపీట కాదు" అని చెప్పును మళ్లీ నా ముందు పడేశాడు. ఒకరి చెప్పు చూసి గుట్టు చెప్పడం మర్యాదేనా? ఇప్పుడు నేను ఎవరింటికి పోయినా గుమ్మం ముందు విడిచిన ఎడమ చెప్పుల వైపు చూస్తున్నాను. ఈ జబ్బు నాకు అంటించింది ఆయనే.

కోపమొచ్చి ఒక ఏడాది ఆయన దగ్గరికి పోలేదు. బండిని పట్నంలో పెద్ద సర్వీసు సెంటరుకు ఇచ్చాను. అక్కడ ఏసీ గది, మెత్తటి సోఫా, మాటకు ముందు సార్, వెనక సార్. టీ ఇచ్చారు. సాయంత్రం అచ్చువేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టారు. నలభై గళ్లు, ప్రతి గడిలో టిక్కు. ఇంటికొచ్చి, నాకు తెలియకుండానే డిక్కీ తెరిచి స్టెప్నీని బొటనవేలితో నొక్కాను. మెత్తగా లోపలికి పోయింది. "స్పేర్ టైర్" అన్న గడిలో టిక్కు ఉంది! ఎవరూ చూడనిదానికి టిక్కు పెట్టడం కంటే పెద్ద అబద్ధం ఏముంటుంది? నేను వాళ్లకు నాలుగు ఉత్తరాలు రాశాను. మీ అభిప్రాయం మాకు విలువైనదని నాలుగుసార్లూ ఒకటే మెసేజ్ వచ్చింది. ఆయనైతే తిడతాడు, కానీ చూడనిదాన్ని చూశానని చెప్పడు. తిట్లు తినడానికి మళ్లీ ఆ షెడ్డుకే పోవలసి వచ్చింది. దానికి కూడా ఆయన మీదే కోపం వచ్చింది.

అన్నిటికంటే నన్ను పదిమందిలో చిన్నబుచ్చింది దండ సంగతి.

ఈ కారు కొన్నప్పుడు భద్రాచలంలో వాహనపూజ చేయించాం. మా వైపు ఎవరు కొత్త బండి కొన్నా అదే ఆనవాయితీ. మా ఆవిడ చెయ్యి లావున మూడుపేటల బంతిపూల దండ కొని బండి ముందు భాగం పొడవునా కట్టించింది. దాని వెనక పసుపు బట్ట ఒకటి పరిచి, నాలుగు మూలలా గట్టిగా బిగించారు. అది దేవుడి దగ్గర పెట్టినది కనక తనంతట తాను ఎండి రాలిపోయేదాకా విప్పకూడదంటారు. నేనూ విప్పలేదు. అది మే నెల. బండిలో నలుగురం, ఏసీ పూర్తిగా పెట్టుకుని మణుగూరు మా వియ్యంకుల ఇంటికి బయలుదేరాం. సారపాక దాటేసరికి ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీతలోకి పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. నా ఖర్మ కొద్దీ బండి ఆగింది సరిగ్గా ఆయన షెడ్డు ఎదుట.

బానెట్ ఎత్తి, చేతిరుమాలు వేసి రేడియేటర్ మూత మీద చెయ్యి పెట్టాను. షెడ్డులోంచి పరుగెత్తుకొచ్చి నా చేతి మీద చెళ్లున ఒక్కటి కొట్టాడు. మా ఆవిడ చూస్తుండగా, వియ్యపురాలి చెల్లెలు చూస్తుండగా!

"ముట్టకు! మొకం ఉడుకుతది! చల్లారేదాక దాన్ని ఎవ్వరు తియ్యొద్దు."

అప్పుడు బండి ముందువైపు చూశాడు. వెనక్కి పోయి, సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని నాలుగు ముడులూ కోయకుండా, తెంపకుండా విప్పాడు. దండనూ బట్టనూ కళ్లకద్దుకుని మా ఆవిడ చేతికిచ్చాడు. ఇంతవరకు ఆయన చేసినదాంట్లో నేను తప్పు పట్టను. ఆ తర్వాత నా వైపు తిరిగాడు.

"దేవునికి దండ ఏడ ఏస్తరు సారూ?"

"మెడలో వేస్తారు."

"మరి బండికి ముక్కుల ఏసినవేంది? గాలి పీల్చేది ఆడికెల్లే. నీ ముక్కుకు తువ్వాల కట్టి ఎండల ఉరుకుమంటే ఉరుకుతవా?"

మా ఆవిడ నవ్వింది. దండ కొన్నది తను, కట్టించింది తను, నవ్వింది నన్ను. అరగంట ఆ బస్సు సీటు మీద కూర్చోబెట్టాడు. ఇంజిన్ చల్లబడ్డాక మూత తీసి, కాలవనీళ్లు పోస్తే లోపల తుప్పు పడుతుందని కూలెంట్ పోశాడు. "నువ్వొక్కనివే కాదు తియ్యి. పూజకాడి నుంచి సక్కగ ఈడికే వస్తరు శానమంది" అన్నాడు. అది ఓదార్పు అని మా ఆవిడ అంటుంది. నాకలా వినపడలేదు.

ఇక ఆయన బండి అప్పగించే పద్ధతి చెప్పాలి. జరిగినదంతా దాని వల్లే.

ఆయనకు చదువు రాదు. చీటీ లేదు, పుస్తకం లేదు. పని అయ్యాక తాళంచెవిని పిడికిట్లో పెట్టుకుని నిలబడేవాడు. "ఏం చెప్పిన? చెప్పు" అనేవాడు. బండికి ఏమైందో, ఇక మీద ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో ఆయన చెప్పినదంతా మనం పైకి అప్పజెప్పాలి. తప్పు పోతే మళ్లీ మొదటి నుంచి. నేను ఆ రోడ్డు పక్కన నిలబడి ఎన్నిసార్లు అప్పజెప్పానో! "టైర్లలో గాలి పొద్దున్నే, బండి తియ్యకముందు చూస్తాను. బొగ్గు దుమ్ము రోడ్డు కనక గాలి ఫిల్టరు వారం వారం దులుపుతాను. ఎలుకలు వైర్లు కొరక్కుండా బానెట్ కింద పొగాకు కాడలు పెడతాను." అంతా అయ్యాక సీటు మీద కూర్చున్నవాళ్ల వైపు తిరిగి "ఇన్నరు గదా?" అనేవాడు. వాళ్లు "ఇన్నం" అంటేనే పిడికిలి తెరిచేవాడు. కాగితం మీద ఉండవలసినది ఆయన నలుగురి చెవుల్లో పెట్టేవాడు. ఆయనకు దస్తావేజు అదే.

మిరపకోతల రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను పినపాక నుంచి వస్తూ ఆయన దగ్గర ఆగాను. స్టెప్నీలో గాలి కొంచెం తగ్గిందట, కాలిపంపు కొడుతున్నాను. అప్పుడొచ్చాడు మిర్చి వ్యాపారి. ఎత్తయిన పెద్ద బండి. ఆగుతున్నప్పుడే ముందు చక్రంలోంచి రేకును రాతికేసి రాసినట్టు చప్పుడు. ఖమ్మం మనిషి, అత్తగారిది పినపాక, తోటల దగ్గరే మిర్చి కొంటాడు. కిందికి దిగినా సీటు మీద కూర్చోలేదు.

"బ్రేకు కొడితే సప్పుడొస్తుంది. జల్దీ చూడు."

ఆయన అలవాటు చొప్పున డిక్కీ తెరిచి స్టెప్నీ నొక్కాడు. గాలి లేదు. వ్యాపారి నా వైపు వేలు చూపించి, "ఈయన కొడుతుండు గదా, నాది గూడ కొట్టమను" అన్నాడు. నన్ను షెడ్డులో పనివాణ్ణనుకున్నాడు! నేను నోరు తెరిచేలోపే ఆయన, "దాని సంగతి తర్వాత. ముందు చక్రం చూడాలె" అని జాకీ పెట్టాడు. స్టెప్నీ నియమాన్ని ఆయన పక్కన పెట్టడం నేను చూసింది ఆ ఒక్కసారే. అప్పుడే నాకు అర్థమైంది, సంగతి చిన్నది కాదని.

చక్రం తీసి వ్యాపారిని వంగి చూడమన్నాడు. "గిది బ్రేకు ప్యాడు. దీని మీద ఏలెడు మందం మసాలా ఉండాలె. మొత్తం అరిగింది. ఉత్త రేకే మిగిలింది. రేకుకు రేకు రాసుకుంటుంది, గీ పళ్లెం గూడ గీతలు పడ్డది. ఆయిలు తగ్గింది. ఖమ్మం నుంచి ప్యాడ్లు తెప్పిస్త, రేపు మధ్యాన్నం దాక బండి ఈడ పెట్టు."

"రేపు ఇంట్లోళ్లను పర్ణశాలకు తీస్కపోవాలె."

"ఆటోల పో."

"నేను ఆటోలనా? ఇప్పుడు బ్రేకు పడుతుందా లేదా?"

"ఇయ్యాల పడుతది."

"గది చాలు. చక్రం ఎక్కియ్యి."

ఆయన చక్రం ఎక్కించాడు. బోల్టులు ఎదురెదురువి ఒకదాని తర్వాత ఒకటి బిగించి, పానా మీద ఎక్కి నిలబడి మరీ చూశాడు. ఇది నేను కళ్లతో చూశాను. తర్వాత తాళాన్ని పిడికిట్లో పెట్టుకున్నాడు.

"ఏం చెప్పిన? చెప్పు."

"ఏందిది, బడా? తాళం ఇయ్యవయ్యా."

అప్పుడు ఆయన నన్ను చూపించాడు. ఆ మాట రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది.

"గీ సారును చూడు. పదకొండేండ్లాయె, బండి గురించి గీయనకు ఒక్క ముక్క ఎక్కలే. బుర్ర లేదు. గని చెప్తే వింటడు. గందుకే బతికున్నడు. నీకు బుర్ర ఉన్నది, విను జర."

వ్యాపారి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వులోనే చెయ్యి చాపి, "సరే సరే. బ్రేకులు అయిపోయినయ్, రేకే మిగిలింది, బండి తియ్యొద్దు. చాలునా పంతులూ?" అన్నాడు.

ఆయన నా వైపు తిరిగాడు. ఆ పూట అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. భార్య కూడా ఊళ్లోకి పోయింది. "ఇన్నవా సారూ?"

నేను మొహం తిప్పుకున్నాను. బుర్ర లేనివాడి సాక్ష్యం ఆయనకెందుకు?  బండి పరాయివాడిది, తాళం ఆయన ఎంతసేపు పట్టుకుంటాడు? పిడికిలి తెరిచాడు. పోతున్నానని కూడా చెప్పకుండా నేను బండెక్కి వచ్చేశాను.

మూడోనాడు ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. ఇసుక లారీలో భద్రాచలం దవాఖానాకు తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు.

దినం నాడు పోయాను. ప్రేమతో కాదు. కోపంతో రాలేదని ఎవరూ అనకూడదని పోయాను. షెడ్డు ముందు షామియానా వేశారు. లారీ డ్రైవర్లు, చుట్టుపక్కల గూడేలవాళ్లు, నాలాంటి కార్లవాళ్లు చాలామందే వచ్చారు. పంక్చర్లు, ఆయిలు మార్చడం, ఫిల్టర్లు తను చేస్తానని, షెడ్డు మూసెయ్యనని ఆయన భార్య అందరికీ చెబుతోంది. సరిగ్గా అప్పుడు మిర్చి వ్యాపారి ఇద్దరు మనుషులతో దిగాడు. నుదుటి మీద కట్టు. అంతకు మూడు రోజుల ముందు పినపాక దారిలో వాగు చప్టాకు దిగే చోట ఈ వ్యాపారి బండికి బ్రేకు పడలేదు. చెట్టుకు గుద్దుకుంది. పక్కన కూర్చున్న భార్యకు కాలు విరిగింది. పాపం, ఆమె ఏం చేసింది?

"చచ్చినోని మీద మాట అనొద్దు. గని అనక తప్పది" అని మొదలుపెట్టాడు. "నా బండికి ఏం రోగం లేదు. ఈడికొచ్చినంక చక్రం ఊడదీసి బ్రేకు కెలికిండు. ఏం జేసిండో ఏమో, నా పెండ్లాం కాలు పోయింది. ఇగ ఈ షెడ్డుల ఎవడన్న బండి పెడితే వాని ఖర్మ. పోలీసోళ్లకు గూడ చెప్తున్న, ఇది మూసేదాక ఊకోను."

డ్రైవర్లు నేల చూపులు చూశారు. ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ దారిలో అలాంటి మాట సాయంత్రానికల్లా మణుగూరు చేరుతుంది, మర్నాటికి కొత్తగూడెం.

ఆమె లేచి నిలబడింది. "మా ఆయన చెప్పకుంట బండి ఇయ్యడన్నా. అందరికి ఎరుకే."

"నాకేం చెప్పలే. చెప్తే ఎవడిన్నడు? సూపియ్యి."

ఆమె చుట్టూ చూసింది. ఆ రోజు అక్కడ ఎవరున్నారో ఆమెకు తెలియదు. తెలిసినవాడు చెప్పకుండా పోయాడు. తెలిసిన ఇంకొకడు అడిగినప్పుడు మొహం తిప్పుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"నేను విన్నాను."

"నువ్వు ఆయన మనిషివి. ఆయన దిక్కే చెప్తవ్."

"నేనా! ఆయన మనిషినా!" అని అరిచాను. "ఆయన మీద నాకున్నంత కోపం ఈ జిల్లాలో ఇంకెవరికైనా ఉందా? పదిమందిలో నా చేత కిర్రుమనిపించాడు. నా చెప్పు ఊడదీయించాడు. మా ఆవిడ ముందు చెయ్యెత్తి కొట్టాడు. పదకొండేళ్లలో ఒక్కసారి కూడా నన్ను 'మీరు' అనలేదు. నేను ఆయన కోసం అబద్ధం ఆడతానా?"

వెనక నుంచి ఒక ముసలి టిప్పర్ డ్రైవర్ అందుకున్నాడు. "అవ్, నిజమే. ఈ సారుకు ఆయనకు ఎన్నడు పడలే. వచ్చినప్పుడల్ల కొట్లాటే." కొందరు నవ్వారు. "పడనోడు దొంగసాక్షం ఎందుకు చెప్తడు?" అన్నారెవరో.

"అయితే ఏమిన్నవో చెప్పు" అన్నాడు వ్యాపారి, చేతులు కట్టుకుని.

ప్యాడ్లు అరిగాయని, బండి తియ్యొద్దని చెప్పాడన్నంత మాత్రాన నిలబడదు. లేదంటాడు, అంతే. జరిగింది జరిగినట్టు అంతా చెప్పాలి. అందులో ఆ మాట కూడా ఉంది. మా ఆవిడకు కూడా నేను చెప్పని మాట. చప్పుడు దగ్గర మొదలుపెట్టి, చక్రం తియ్యడం, రేకు చూపించడం, ఆటోలో పొమ్మనడం అన్నీ చెప్పాను. తాళం పిడికిట్లో పట్టుకోవడం దాకా వచ్చాను. తర్వాత ఆ మాట ఆయన అన్నది అన్నట్టే, ఆయన గొంతుతోనే అన్నాను. బుర్ర లేదు, గని చెప్తే వింటడు, గందుకే బతికున్నడు.

షామియానా అంతా గొల్లుమంది. చావింటి ముందు అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. అందరికంటే గట్టిగా నవ్వింది వ్యాపారి.

"అవ్, అన్నడు! గట్లనే అన్నడు! గీయన మొకం చూడాలె గప్పుడు, చింతపండు లెక్క—"

నవ్వు ఆగిపోయింది. ముందు డ్రైవర్లు ఆపారు. తర్వాత వ్యాపారే ఆపాడు.

ఆమె రెండడుగులు ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు. "గా మాట నీతోని ఎందుకన్నడన్నా? ఏం వినుమని అన్నడు?"

వ్యాపారి ఆమె వైపు, నా వైపు, తన మనుషుల వైపు చూశాడు. కట్టు సర్దుకున్నాడు. దవాఖానాలో పనుందని, మళ్లీ మాట్లాడతానని గొణిగాడు. మళ్లీ రాలేదు. పోలీసులూ రాలేదు. ఆ సాయంత్రమే ముసలి టిప్పర్ డ్రైవర్ రెండు టైర్లు దింపించి ఆమె తొట్టి పక్కన పెట్టి, పొద్దున వస్తానని పోయాడు. షెడ్డు నడుస్తోంది.

నేను బయలుదేరుతుంటే ఆమె బండి దాకా వచ్చింది. "ఆయన నిన్ను గట్ల అన్నడని మనసుల పెట్టుకోకు సారూ."

"పెట్టుకుంటాను. నువ్వు మాఫీ అడగొద్దమ్మా. అన్నది నువ్వు కాదు."

ఆమె నవ్వింది. ఆ నవ్వుకు అర్థం నేను అడగలేదు.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. ఆ మాట అన్నప్పుడు ఆ రోజు అక్కడున్నది ముగ్గురమే. ఒకడు చనిపోయాడు, ఒకడు నోరెత్తడు. నేను నోరు మూసుకుని ఉంటే అది అక్కడితో పోయేది. నా నోటితో నేనే చెప్పుకున్నందుకు ఇవాళ సారపాక నుంచి పినపాక దాకా నా పేరు "చెప్తే వినే సారు". విత్తనాల దుకాణంలో అదే, టీ కొట్టులో అదే. మొన్న ఒక రైతు నన్ను కొడుకుకు పరిచయం చేస్తూ అదే పేరు చెప్పాడు, గౌరవంగానే చెప్పాడు, అది మరీ ఘోరం. ఈ అవమానానికి ఎవరి మీద ఫిర్యాదు చెయ్యాలి? ఇదివరకు ఇంత కోపం వస్తే ఆ షెడ్డు ముందు బండి ఆపి, దిగి, ఆయనతోనే తేల్చుకునేవాణ్ణి. ఇంకా తేల్చుకోవలసినవి ఎన్నో ఉండగా, నేను మొహం తిప్పుకుని ఉన్న మూడో రోజునే, నాతో ఒక్క మాట చెప్పకుండా పోయాడు. మిగతావన్నీ ఎప్పటికైనా మరిచిపోతానేమో. ఇది మాత్రం మరవను.